మా ఇంట్లో గరగర

ప్రతి ఏడూ ఉగాదికి రెండు నెలల ముందు సావనీరు కమిటీ వారు ఫోన్ చేస్తారు. "డాక్టరుగారూ, ఈసారి కూడా ఆరోగ్యం మీద ఏదైనా రాయండి" అంటారు. నేనూ బుద్ధిగా ఒక ఏడు చక్కెర వ్యాధి, ఒక ఏడు రక్తపోటు, ఇంకో ఏడు విటమిన్ డి గురించి రాసిచ్చాను. వాటిని ఎవరైనా చదివారో లేదో తెలీదు గాని, పండగనాడు భోజనాల వరసలో నిలబడినప్పుడు "ఈ బొబ్బట్టు తినొచ్చా డాక్టరుగారూ?" అని అడిగేవారి సంఖ్య మాత్రం తగ్గలేదు.

అందుకని ఈసారి ఆరోగ్యం జోలికి పోవడం లేదు. అరచేతి కంటే కాస్త పెద్దదైన ఒక పెట్టె గురించి రాస్తాను. అందులో ఉన్నవి పదకొండు వస్తువులు. వాటిని అతికించడానికి నాకు ఆరు వారాలు పట్టింది. అసలు చెప్పాల్సిన మాట పన్నెండోది. అది చివర్లో చెబుతాను.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. కొన్నాళ్లు శనివారం శనివారం కర్ణాటక సంగీతం నేర్చుకుంది. తర్వాత ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుంది. "పోనీలే, అదీ సరస్వతే" అని సర్దుకున్నాం. మొన్న చలికాలం మొదట్లో వచ్చి, "నాన్నా, నాకు ఫజ్ పెడల్ కావాలి" అంది. అదేమిటో నాకు తెలీదు. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య నేల మీద పెట్టి, కాలితో నొక్కే చిన్న పెట్టెట. నొక్కగానే శుభ్రంగా పలికే గిటారు గొంతు బొంగురుపోయి, కందిరీగల తుట్టె కదిలినట్టు గరగరమంటుందిట. దీనికి రెండు వందల డాలర్ల పైన!

"ఉన్న గొంతు పాడుచేసుకోవడానికి డబ్బెందుకే, స్నోలో టోపీ లేకుండా తిరుగు చాలు" అంది మా శ్రీమతి.

అమ్మాయి తగ్గలేదు. "అమ్మా, నీ తంబురాలో తీగ కింద దారం ఎందుకు పెడతావు?" అని అడిగింది. మా ఆవిడ నోరు మెదపలేదు. నిజమే మరి. తంబురా గుర్రం మీద తీగకింద సన్నటి నూలుపోగు జరిపితేనే ఆ ఝుంకారం వస్తుంది. పోగు తీసేస్తే తీగ శుభ్రంగానే మోగుతుంది గాని, మూగగా ఉంటుంది. మనవాళ్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు.

"కొనక్కర్లేదు నాన్నా, మనమే చేసుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు దీంతోనే మొదలుపెడతారు" అంటూ కాగితం మీద గీసిన బొమ్మ ఒకటి తెచ్చింది. 1966లో లండన్‌లో అమ్మకానికి వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ సర్క్యూట్ అది. జిమీ హెండ్రిక్స్ వాడినది. చూస్తే రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పే మీటలు రెండు. అంతే, పదకొండు. వీటికి ఒక 9 వోల్టుల బ్యాటరీ, కాలితో నొక్కే స్విచ్చి, వైర్లు గుచ్చే రంధ్రాలు, ఒక పెట్టె. అయినా నేను బై.పి.సి. వాణ్ణి. శరీరంలో నరాలు ఎటు పోతాయో చెప్పగలను గాని, ఆ గీతలు ఎటు పోతున్నాయో అర్థం కాలేదు.

అర్థమయ్యాక మాత్రం చిత్రమనిపించింది. గిటారు నుంచి వచ్చే విద్యుత్తు చాలా చిన్నది. మొదటి ట్రాన్సిస్టరు దాన్ని పెంచుతుంది, రెండోది ఇంకా పెంచుతుంది. కాని బ్యాటరీలో ఉన్నదే 9 వోల్టులు. దాన్ని దాటి పెరగమంటే ఎక్కడికి పెరుగుతుంది? కుంచం నిండాక పైన పోగైన గింజల్ని చేత్తో గీసేసి చదును చేసినట్టు, అల తల తెగి చదునైపోతుంది. ఆ తెగిన అంచుల్లోంచి, అసలు స్వరంలో లేని పైస్వరాలు బోలెడు పుట్టుకొస్తాయి. ఆ గరగర అదే.

ఈ గరగర పుట్టుక కూడా తమాషాయే. 1961లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి 'డోంట్ వర్రీ' పాట విడుదలైంది. నాష్‌విల్‌లో దాన్ని రికార్డు చేసేటప్పుడు మిక్సింగ్ పరికరంలో ఒక భాగం పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు బొంగురుపోయి వచ్చింది. దాన్ని అలాగే ఉంచేశారు. జనానికి నచ్చేసింది. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్నే కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ పాట 'శాటిస్‌ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ వాయించాక దానికి గిరాకీ వచ్చింది.

మన విన్నిపెగ్‌కీ ఇందులో వాటా ఉందండోయ్. ఇక్కడి గెస్ హూ బృందంలో గిటారు వాయించిన ర్యాండీ బాక్‌మన్ కోసం, ఈ ఊళ్లోనే ఆంప్లిఫయర్లు తయారుచేసిన గార్నెట్ గిల్లీస్ అనే ఆయన హెర్జాగ్ అనే పెట్టె చేసిచ్చాడు. అది ట్రాన్సిస్టర్లది కాదు, వాల్వులది. 1970లో 'అమెరికన్ ఉమన్' పాట అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కినప్పుడు లోకమంతా విన్న గిటారు ఆ పెట్టెలోంచి వచ్చిందే. నా దగ్గరకు చూపించుకోవడానికి వచ్చే ఒక పెద్దాయన, నేను ఈ పని మీద ఉన్నానని తెలిసి, ఒంట్లో బాధ మరిచిపోయి పావుగంట గిల్లీస్ గురించే చెప్పాడు. పాట పాడినవాళ్లతో సమానంగా, పెట్టె అతికించినవాడి పేరు ఆయనకు గుర్తుంది. ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది.

ఎందుకో చెప్పాలంటే తెనాలి వెళ్లాలి.

తెనాలిలో మా నాన్నకు రేడియో రిపేరు షాపు ఉండేది. ముందు ఒక బల్ల, వెనక గోడంతా విప్పి పెట్టిన మర్ఫీలు, బుష్షులు, ఫిలిప్సులు. ఆదివారం నాటకం వేళకు అందించాలని ఒకరు, క్రికెట్ మ్యాచి మొదలయ్యేలోగా కావాలని ఒకరు బల్ల ముందు కూర్చునేవారు. టంకం పొగ వాసన నాన్న చొక్కాలోంచి ఉతికినా పోయేది కాదు. శ్రీరామనవమి పందిళ్లకు మైకు సెట్లు, తర్వాత తర్వాత టీవీలు, టేప్ రికార్డర్లు. ఆ బల్ల మీద సంపాదించిన డబ్బుతోనే నా ఎంసెట్ కోచింగు, మెడికల్ కాలేజీ హాస్టలు గడిచాయి.

చిన్నప్పుడు నాకు ఆ టంకం కర్ర పట్టుకోవాలని మహా సరదాగా ఉండేది. నాన్న ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నీ చేతులు ఇందుకు కాదురా, పోయి చదువుకో" అనేవాడు. నేను మాట విన్నాను. ఎంత బాగా విన్నానంటే, కొన్నేళ్లకు ఆ షాపు ముందు నుంచి స్నేహితులతో వెళ్లాల్సి వస్తే వేరే వీధి చూసుకునేంత.

2007లో ఇక్కడికి వచ్చాక, పదిమందిలో "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని ఎవరైనా అడిగితే "బిజినెస్" అనేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్ బిజినెస్. అబద్ధం కాదు. నిజమూ కాదు. మీలో చాలామంది ఆ మాట నా నోటే విన్నారు.

2016లో నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఒక పాట్‌లక్ పెట్టుకున్నాం. పాటలు పెడుతుంటే స్పీకరు గరగరలాడింది. నాన్న చెవి ఒగ్గి రెండు క్షణాలు విని, "లూజు కనెక్షను. ఒక స్క్రూడ్రైవరు ఇవ్వరా" అంటూ లేచాడు. అందరూ చూస్తున్నారు. నేను గబగబా వెళ్లి, "మీరు కూర్చోండి నాన్నా, రేపు కొత్తది కొనేద్దాం" అన్నాను. ఇంట్లో ఎప్పుడూ 'నువ్వు' అని పిలిచే నాన్నని ఆ రోజు 'మీరు' అన్నాను. ఆయన ఒకసారి నా మొహం చూసి కూర్చున్నాడు. ఇక్కడున్న మిగతా నాలుగు నెలల్లో ఏ వస్తువునీ విప్పలేదు.

ఇంతకీ ఆ బొమ్మలో ట్రాన్సిస్టర్ల పక్కన ఒక పేరు రాసి ఉంది: ఏసీ 128. "ఇది జెర్మేనియం ట్రాన్సిస్టర్ నాన్నా. ఇప్పుడు కొత్తవి దొరకవు. పాతవి ఒక్కోటి చాలా డాలర్లు. సిలికాన్‌వి చవకే గాని గొంతు వేరుగా ఉంటుంది" అంది అమ్మాయి. ఏసీ 128. ఆ పేరు నేనెక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పొద్దున్న తొమ్మిది. ఫోన్ చేసి, క్షేమసమాచారాలయ్యాక, "నాన్నా, నీ దగ్గర ఏసీ 128లు ఏమన్నా ఉన్నాయా?" అన్నాను.

అటు నుంచి మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. ఆయనకిప్పుడు డెబ్బై ఏడు. షాపు మూసి చాలా ఏళ్లయింది.

"ఎన్ని కావాలి?" అన్నాడు.

నెల తిరక్కుండా తెలిసినవారు ఒకరు వస్తూ, గోంగూర పచ్చడితో పాటు ఒక హార్లిక్స్ సీసా తెచ్చిచ్చారు. అందులో పాత ట్రాన్సిస్టర్లు నలభై దాకా ఉన్నాయి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1962 నుంచే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచేశారు. ఒకప్పుడు రేడియో స్పీకరును మోగించింది ఇవే. ఒక్కోదానికి చిన్న చీటీ కట్టి, పెన్సిల్‌తో అంకె వేసి ఉంది: 72, 80, 118. అక్షరాలు వణికాయి. అవి ఒక్కో ట్రాన్సిస్టరు ఎన్నిరెట్లు పెంచుతుందో చెప్పే అంకెలుట. "మొదటిదానికి డెబ్బై, ఎనభై మధ్యది పెట్టు. రెండోదానికి నూరు దాటింది. మీటరు చెప్పే అంకెని గుడ్డిగా నమ్మకు. జెర్మేనియం లీకవుతుంది, ఆ లీకేజిని కూడా కలిపి చూపిస్తుంది. వేళ్లతో పట్టుకుంటే ఒంటి వేడికే అంకె పెరుగుతుంది. కాసేపు బల్ల మీద వదిలేసి అప్పుడు చూడు" అన్నాడు. జ్వరం చూసేముందు వేడి కాఫీ తాగారా అని నేను రోగుల్ని అడుగుతాను. అదే ప్రశ్న!

ఆ తర్వాత ప్రతి శనివారం రాత్రి మా బేస్‌మెంట్‌లో పాఠం. వీడియోలో నాన్న, బల్ల దగ్గర నేను, మధ్యలో ఫోన్ పట్టుకుని అమ్మాయి. "టంకాన్ని కాల్చకు రా, తీగని కాల్చు. తీగ వేడెక్కితే టంకం దానంతటదే పారుతుంది." "ట్రాన్సిస్టరు కాలు ఎక్కువ కాలితే చచ్చిపోతుంది, నోస్ ప్లయరుతో పట్టుకో." నా దగ్గర ఆర్టరీ ఫోర్సెప్స్ ఉన్నాయి. రక్తనాళాన్ని పట్టుకునే దానితో ట్రాన్సిస్టరు కాలు పట్టుకుంటే, వేడి దానిలోకి పోయి లోపలికి ఎక్కలేదు. నాన్న తెగ ముచ్చటపడ్డాడు. "అదేదో బావుందే. ఒకటి మాకుంటే ఎంత బావుండేది" అన్నాడు.

ట్రాన్సిస్టరుకి మూడు కాళ్లు: ఎమిటర్, బేస్, కలెక్టర్. మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ కొడుకు డాక్టరో కలెక్టరో కావాలనేవారు. నేను డాక్టర్నయ్యాను. కలెక్టర్లు మా నాన్న సీసాలో ఉండిపోయారు. పైగా ఇవి పి.ఎన్.పి. రకం కాబట్టి బ్యాటరీ ప్లస్సుని గ్రౌండుకి కలపాలి. మామూలు పెడళ్లకు ఇది తలకిందులు. వాటితో కలిపి ఒకే కరెంటు పెట్టకూడదని అమ్మాయి చెబితే, "పాత ట్రాన్సిస్టర్ రేడియోలు ఎన్నో ఇలాగే ఉండేవమ్మా" అన్నాడు తాతయ్య, తన కాలం తిరిగొచ్చినట్టు.

పెట్టె ఒంటారియోలోని గ్వెల్ఫ్ ఊరికి చెందిన హామండ్ కంపెనీ వారి అల్యూమినియం డబ్బా. ప్రపంచంలో ఇళ్లల్లో పెడళ్లు చేసుకునేవాళ్లు ఎందరో ఈ కెనడా డబ్బానే వాడతారుట. దానికి చిల్లులు పెట్టడానికి రెండు ఆదివారాలు పట్టాయి. అన్నీ బిగించి, గిటారు గుచ్చి, అమ్మాయి కాలితో నొక్కింది.

నిశ్శబ్దం.

మళ్లీ నొక్కింది. పెడల్ ఆపితే గిటారు మోగుతోంది, పెడితే మూగ. ఆరు వారాల కష్టం. నాకు నీరసం వచ్చింది. "సరే లేమ్మా, కొనేద్దాం" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని, అది ఎవరితో ఎప్పుడన్నానో గుర్తు రాలేదు. వీడియోలో నాన్న కళ్లజోడు సర్దుకుంటున్నాడు.

"ఆగరా. రోగిని చూడకుండానే పంపించేస్తావా? బ్యాటరీ ఎంతుంది?"

"తొమ్మిదికి కొంచెం పైన."

"రెండోదాని కలెక్టరు దగ్గర?"

"ఎనిమిదిన్నర దాటింది."

"అక్కడ నాలుగున్నర ఉండాలి. అంటే రెండోది నిద్రపోతోంది. దాన్ని లేపాల్సింది మొదటిదాని కలెక్టరు దగ్గరున్న 33 కిలో ఓముల రెసిస్టరు. పెన్సిల్ తిరగేసి దాన్ని మెల్లిగా కొట్టు."

కొట్టాను. స్పీకర్లోంచి గర్‌ర్ అని ఒక ముక్క వినిపించి ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ గర్‌ర్.

"డ్రై సోల్డరు రా అది" అన్నాడు నాన్న, పన్నెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి.

చూస్తే, అన్నిటికంటే బాగా వచ్చిందని నేను మురిసిపోయిన అతుకే అది. పైకి లావుగా, గుండ్రంగా ఉంది. లోపల తీగకు అంటుకోనే లేదు. రోగి ఛాతీ మీద వేలు పెట్టి కొట్టి, ఆ చప్పుడుని బట్టి లోపల ఏముందో చెప్పడం నాకు మెడికల్ కాలేజీలో నేర్పారు. ఆ విద్య మా ఇంట్లో అంతకు ముందే ఉంది. దానికి డిగ్రీ లేదు, అంతే.

అతుకు మళ్లీ వేశాను. మీటరు నాలుగున్నరకు కాస్త అటూ ఇటూగా నిలిచింది. అమ్మాయి నొక్కింది. బేస్‌మెంట్ అద్దాలు దద్దరిల్లాయి. మా శ్రీమతి పైనుంచి "ఏమైందండీ!" అని పరుగెత్తుకొచ్చింది.

నాన్న విరగబడి నవ్వాడు. "ఒరేయ్, ఈ గరగర పోగొట్టినందుకే గదరా జనం నాకు నలభై ఏళ్లు డబ్బులిచ్చారు! దీన్ని మీరు పని గట్టుకుని తయారుచేశారా?"

"కాదు తాతయ్యా, ఇది చూడు" అంటూ అమ్మాయి గిటారు మీద వాల్యూమ్ మీట కొద్దిగా తగ్గించింది. గరగర కరిగి, గొంతు గాజులా తేటపడింది. మళ్లీ పెంచితే మళ్లీ కందిరీగలు. ఈ పాత సర్క్యూట్ గొప్పతనం అదేట.

నాన్న నవ్వు ఆపి కాసేపు విన్నాడు. "అంటే మన చేతిలోనే ఉందన్నమాట. మన చేతిలో ఉంటే అది రిపేరు కాదులే" అన్నాడు.

అమ్మాయి పైకి వెళ్లాక నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "నాన్నా, ఆ రోజు ఇక్కడ స్పీకరు..." అని మొదలుపెట్టాను.

"గిటారు వైరు పెట్టెలోంచి పీకి పెట్టమను" అన్నాడు నాన్న. "గుచ్చి వదిలేస్తే బ్యాటరీ ఊరికే ఖర్చవుతూ ఉంటుంది."

ఇంకేం మాట్లాడలేదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పెడళ్లకి పేర్లుంటాయి. పెట్టె మూత మీద ఏం రాయాలని అమ్మాయి నన్నడగలేదు. తనే తెల్లరంగుతో, వంకరటింకర తెలుగు అక్షరాల్లో 'తెనాలి' అని రాసింది. ఆమె ఏ పేపరు మీదా తెలుగు ఇంత శ్రద్ధగా రాయగా నేను చూడలేదు.

మీ ఇళ్లల్లో కూడా పిల్లలెవరైనా ఇలాంటి బొమ్మ పట్టుకొస్తే కాదనకండి. 9 వోల్టుల బ్యాటరీతో షాకు కొట్టదు. టంకం కర్ర కాలుతుంది, కిటికీ కొద్దిగా తెరిచి పెట్టండి, చేతులు కడుక్కుని అన్నం తినండి. ఏసీ 128లు కావలసినవారు నన్నడగండి. సీసాలో ఇంకా ఉన్నాయి.

ఈ ఉగాది కార్యక్రమంలో మా అమ్మాయి గిటారు వాయిస్తోంది. నేల మీద ఆమె కాలి దగ్గర ఒక బూడిదరంగు పెట్టె కనిపిస్తుంది. అది మూలపడితే కంగారుపడకండి, మా దగ్గర పెన్సిల్ ఉంటుంది. గరగరమంటే మైకు పాడైందని మాత్రం ఎవరూ లేవకండి.

ఇక మొదట్లో చెబుతానన్న పన్నెండో మాట. మా నాన్న బిజినెస్ చేయలేదు. మా నాన్న రేడియో మెకానిక్కు. చాలా మంచి మెకానిక్కు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.